పుట్టుకతోనే రిజిస్టర్‌లో పేరు: స్టువర్టుపురం నుంచి మన గేటు దాకా



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం, తీరిగ్గా చదవండి. ఆ మధ్య మన గ్రూపులో ఒక ప్రశ్న వచ్చింది. ఇంట్లో పనికి ఒకామె కుదిరింది, మనిషి మంచిదే, కానీ ఊరి పేరు విన్నాక ఇంట్లో పెద్దవాళ్ళు వద్దంటున్నారు, ఏం చేయమంటారు అని. జవాబులు గబగబా వచ్చాయి. సగం మంది "ఎందుకండీ రిస్కు" అన్నారు. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఒకరిద్దరు సినిమా పేర్లు పెట్టారు. ఆ ఊరు ఏదో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం.

1991లో చిరంజీవి గారి "స్టువర్టుపురం పోలీస్ స్టేషన్" వచ్చింది. అదే సంవత్సరం భానుచందర్ "స్టువర్టుపురం దొంగలు" కూడా వచ్చింది. 2023లో రవితేజ గారి "టైగర్ నాగేశ్వరరావు" చూశాం. మూడు సినిమాలు చూసినా, ఒక తెలుగు పల్లెకు స్టువర్ట్ అనే తెల్లదొర పేరు ఎందుకు వచ్చిందని మనలో అడిగినవాళ్ళు తక్కువ. ఆ కథే ఇవాళ్టి వ్యాసం. ఇది దొంగల కథ అనుకోకండి. ఒక రిజిస్టర్ పుస్తకం కథ.

స్టువర్టుపురంలో స్థిరపరిచింది ప్రధానంగా ఎరుకల వాళ్ళని. మన పెద్దవాళ్ళకి ఎరుకల సాని అంటే ఎవరో చెప్పక్కర్లేదు. చేతిలో బుట్ట, నోట్లో "ఎరుక చెబుతానమ్మా ఎరుక" అనే పిలుపు. సాక్షాత్తూ తిరుమలేశుడే పద్మావతి పెళ్ళి కోసం ఎరుకల సాని వేషం వేసుకుని ఆకాశరాజు ఇంటికి వెళ్ళాడని మన శ్రీనివాస కళ్యాణం కథల్లో చెప్పుకుంటాం. రాజుగారి అంతఃపురంలోకి పిలిపించి కూర్చోబెట్టి సోది చెప్పించుకున్న మనిషి, వందేళ్ళలో ఊరి పొలిమేరలో పోలీసు పిలుపుకి నిలబడే మనిషి ఎలా అయ్యింది?

దీనికి జవాబు సంతలో ఉంది. ఎరుకల, కొరచ, కొరవ అని ప్రాంతాన్ని బట్టి పేరు మారే ఈ జనం ప్రధానంగా సరుకు మోసే వర్తకులు. కోస్తా ఉప్పుకొఠార్ల నుంచి ఉప్పు ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని రాయలసీమ, మైసూరు వైపు మెట్ట ఊళ్ళకి తెచ్చేవారు. తిరుగు దారిలో ధాన్యం పట్టుకెళ్ళేవారు. దారిలో వెదురు బుట్టలు, చాటలు, చాపలు అల్లి అమ్మేవారు. బండి దారి కూడా లేని ఊళ్ళకి అప్పట్లో ఉప్పు అందిందంటే వీళ్ళ వల్లే.

కుంపిణీ ప్రభుత్వం 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు వ్యాపారాన్ని తన గుత్తాధిపత్యం కింద పెట్టుకుంది. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో రైలు వచ్చింది. ఎద్దు మీద పది రోజులు పట్టే సరుకు రైల్లో ఒక రాత్రిలో చేరింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురు, ఆకు, పశువుల మేత అన్నింటికీ అడ్డు వచ్చింది. ఈ మధ్యలోనే 1876-78 ధాతు కరువు. మన బెంగళూరు వాళ్ళం ఆ కరువు ఎంతటిదో తెలుసుకోవాలంటే జనాభా లెక్కలు చాలు. 1871లో 50 లక్షలు దాటిన మైసూరు సంస్థానం జనం 1881కి దాదాపు 42 లక్షలకి పడిపోయింది. అలాంటి కాలంలో బతుకుతెరువు పోయి, భూమి లేక, ఊరూరా తిరిగే మనిషి కనిపిస్తే దొరతనానికి అనుమానం వచ్చింది. ఇల్లు లేనివాడు, పన్ను కట్టనివాడు, ఎక్కడున్నాడో తెలియనివాడు. ప్రొఫెసర్ మీనా రాధాకృష్ణ గారు ఈ విషయం మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసి 2001లో ఒక పుస్తకం తెచ్చారు. వీళ్ళ వర్తకం ఎలా కూలిందో, ఆ తర్వాతే వీళ్ళకి "నేరస్థులు" అన్న ముద్ర ఎలా పడిందో అందులో వివరంగా ఉంది. ఆసక్తి ఉన్నవాళ్ళు తప్పక చదవండి.

ఇక చట్టం సంగతి. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ పాస్ అయ్యింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అవుతాడు, నేతగాడి కొడుకు నేతగాడవుతాడు, కాబట్టి ఈ దేశంలో దొంగ కొడుకు కూడా దొంగే అవుతాడు అన్నది దాని వెనక వాదన. మన కులవ్యవస్థ మీద దొరలకున్న అరకొర జ్ఞానం అలా చట్టమై కూర్చుంది. మొదట ఉత్తర భారతంలో అమలు చేశారు. 1911లో కొత్త చట్టం చేసి మద్రాసు ప్రెసిడెన్సీతో సహా అన్ని చోట్లకీ విస్తరించారు. 1924లో మళ్ళీ ఒకసారి సవరించి ఒక్క చట్టంగా కూర్చారు.

ఈ చట్టం పనిచేసే తీరు అర్థం చేసుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది, అందుకని మెట్టు మెట్టుగా చెబుతాం.

మొదట ప్రభుత్వం గెజెట్‌లో ఒక నోటిఫికేషన్ ఇస్తుంది: ఫలానా కులం లేదా ముఠా నేరస్థ తెగ అని. ఆ నోటిఫికేషన్ తప్పని ఏ కోర్టుకీ వెళ్ళడానికి లేదు. గెజెట్‌లో పడిందంటే అదే రుజువు.

తర్వాత జిల్లా మేజిస్ట్రేటు ఆ తెగ మనుషుల రిజిస్టర్ తయారు చేయిస్తాడు. ఫలానా రోజు, ఫలానా చోటికి అందరూ వచ్చి వివరాలు ఇవ్వాలని చాటింపు. రాకపోతే అదే నేరం. తప్పుడు వివరం ఇస్తే అదో నేరం. వేలిముద్రలు తీసుకునే అధికారం 1911 చట్టం ఇచ్చింది. రిజిస్టర్ పోలీసు సూపరింటెండెంటు దగ్గర ఉంటుంది. "అయ్యా, నా పేరు పొరపాటున ఎక్కింది" అని ఎవరైనా మొరపెట్టుకోవాలంటే, రిజిస్టర్ రాయించిన ఆ మేజిస్ట్రేటుకే పెట్టుకోవాలి.

రిజిస్టర్‌లో ఎక్కిన మనిషి నిర్ణీత వేళల్లో హాజరు వేయించుకోవాలి, లేదా ఇల్లు మారినా, ఊరు దాటినా ముందుగా తెలియజేయాలి. కొందరికి ఈ ఎల్లలు దాటకూడదని గీత గీస్తారు. అప్పుడు చుట్టం చనిపోయినా, సంతకి వెళ్ళాలన్నా చేతిలో పాసు ఉండాలి. అంతకన్నా గట్టి కాపలా కావాలంటే "సెటిల్‌మెంట్"లో పెడతారు. ఆరేళ్ళు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి స్కూళ్ళలో ఉంచే అధికారం కూడా చట్టంలో ఉంది. రిజిస్టర్‌లో పేరున్నవాడు దొంగతనానికి సిద్ధపడుతున్నట్టు కోర్టుకి అనిపిస్తే చాలు, దొంగతనం జరగకపోయినా మూడేళ్ళ దాకా జైలు.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. ఈ మొత్తం తతంగంలో "ఈ మనిషి ఏం చేశాడు?" అన్న ప్రశ్న ఎక్కడా రాదు. "ఈ మనిషి ఎవరి కడుపున పుట్టాడు?" అన్నదొక్కటే ప్రశ్న. మామూలు పోలీసు రికార్డుకీ దీనికీ తేడా అదే.

వేలిముద్రల కథ కూడా మన దేశానిదే. 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక కాంట్రాక్టు కాగితం మీద సంతకం బదులు అరచేయి ముద్ర వేయించుకున్నాడు. 1890లలో కలకత్తాలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ పోలీసు ఉద్యోగులు లక్షల ముద్రల్లో ఒకదాన్ని వెతికి పట్టుకునే వర్గీకరణ పద్ధతిని తయారు చేశారు. అది వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీ పేరు మీద ప్రపంచమంతా చెలామణి అయ్యింది. 1897లో కలకత్తాలో బ్యూరో పెట్టారు, 1901లో లండన్ స్కాట్లండ్‌యార్డ్ అదే పద్ధతి తీసుకుంది.

అక్కడి నుంచి అది దక్షిణాఫ్రికా వెళ్ళింది. 1906-07లో ట్రాన్స్‌వాల్ ప్రభుత్వం భారతీయులందరూ పది వేళ్ళ ముద్రలు ఇచ్చి రిజిస్టర్ చేయించుకోవాలంది. గాంధీగారు హెన్రీ పుస్తకం చదివి, పది వేళ్ళ ముద్రలు చట్టప్రకారం నేరస్థుల దగ్గరే తీసుకుంటారు కదా, మమ్మల్ని నేరస్థులుగా చూస్తారా అని నిలదీశారు. 1908 ఆగస్టు 16న జోహాన్నెస్‌బర్గ్‌లో హమీదియా మసీదు దగ్గర రెండు వేలకి పైగా రిజిస్ట్రేషన్ కాగితాలను తగలబెట్టారు. సత్యాగ్రహం అనే మాట పుట్టిందే ఆ పోరాటంలో. మనం గర్వంగా చెప్పుకునే చరిత్ర అది. సరిగ్గా మూడేళ్ళకి మన మద్రాసు ప్రెసిడెన్సీలో ఎరుకల, దొమ్మర వాళ్ళకి అదే పని మొదలైతే ఊళ్ళోవాళ్ళు ఎవరూ కాగితాలు తగలబెట్టలేదు. చాలాచోట్ల ఊరి పెద్దలే పేర్లు చెప్పి రాయించారు.

ఎదిరించినవాళ్ళు లేకపోలేదు. మధురై జిల్లా పెరుంగామనల్లూరులో 1920 ఏప్రిల్ 3న కళ్ళర్లు రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోకపోతే పోలీసులు కాల్పులు జరిపారు. పదిహేను మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఒక స్త్రీ కూడా ఉంది. అక్కడ ఇవాళ్టికీ స్మారకం ఉంది.

మన వైపు సెటిల్‌మెంట్లు వచ్చాయి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. బెజవాడ దగ్గర సీతానగరం, నెల్లూరు జిల్లాలో కప్పరాళ్ళతిప్ప, కర్నూలు జిల్లాలో సిద్ధాపురం. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ చేతికి ఒక సెటిల్‌మెంట్ ఇచ్చారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. అదండీ స్టువర్టుపురం. దొంగలు చేరి కట్టుకున్న ఊరు కాదు. ప్రభుత్వం రిజిస్టర్ చూసి మనుషుల్ని తెచ్చి పెట్టిన ఊరు.

న్యాయంగా మాట్లాడుకోవాలి కాబట్టి రెండో వైపు కూడా చెబుతాం. సెటిల్‌మెంట్లలో బడులు పెట్టారు, వైద్యం చేశారు, సాగుకి భూములు ఇచ్చారు. చదువుకుని పైకొచ్చిన కుటుంబాలు ఉన్నాయి. అయితే అవే సెటిల్‌మెంట్లు చవక కూలీల డిపోలుగానూ పనిచేశాయి. సీతానగరంలో రాతి క్వారీ, స్టువర్టుపురానికి దగ్గర్లో చీరాల పొగాకు కంపెనీ. పనికి రాకపోతే, ఊరు దాటితే జైలు ఉంటుందని తెలిసిన కూలీ జీతం పెంచమని ఏం అడుగుతాడు? అక్కడ బడి ఎంత మంచిదైనా, గేటు దాటాలంటే పాసు కావాల్సిందే.

1936లో నెల్లూరు వచ్చినప్పుడు నెహ్రూగారు ఈ చట్టాన్ని తీవ్రంగా ఖండించారు. ఒక తెగ మొత్తాన్ని నేరస్థులనడం ఏ నాగరిక సూత్రానికీ ఒప్పదన్నారు. 1947లో మద్రాసు ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. కేంద్రం మన తిరుపతి ప్రాంతం నాయకుడు, తర్వాత లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగారు అధ్యక్షతన కమిటీ వేసి, ఆ సిఫారసుల మీద 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దు చేసింది. అప్పటి నుంచి వీళ్ళు "విముక్త జాతులు". స్వతంత్రం వచ్చేనాటికి 127 తెగలు, సుమారు 1 కోటి 30 లక్షల మంది ఈ చట్టం కింద ఉన్నారని సాధారణంగా చెప్పే లెక్క. దేశానికి 1947లో వచ్చిన స్వాతంత్ర్యం వాళ్ళలో చాలామందికి ఐదేళ్ళు ఆలస్యంగా వచ్చింది.

చట్టం పోయింది, రిజిస్టర్ అలవాటు మాత్రం పోలేదు. మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. 1960ల మొదట్లో మైసూరు రాష్ట్రంలో, ఆంధ్రప్రదేశ్‌లో అలాంటివే వచ్చాయి. ఇవి కాగితం మీద తెగ పేరు ఎత్తవు, శిక్ష పడిన వ్యక్తి గురించే మాట్లాడతాయి. కానీ ఠాణాలో పాత రిజిస్టర్లో ఉన్న ఇంటిపేర్లే కొత్త రిజిస్టర్లోకి సులువుగా ఎక్కాయి. ఈ చట్టాలను రద్దు చేయమని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనే చెప్పింది. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు, జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి పని పంచే నియమాలను కొట్టేస్తూ, విముక్త జాతుల వాళ్ళని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా చూడడం కూడా కుదరదని చెప్పింది. అంటే 1871లో మొదలైన మాటను 2024లో కూడా కోర్టు దిద్దాల్సి వచ్చింది.

మన బెంగళూరుకి సంబంధం లేదనుకోకండి. 1871 చట్టంలో రెండో భాగం హిజ్రాల రిజిస్టర్ గురించి. అదే నమూనాలో నిజాం హైదరాబాదులో 1919లో (1329 ఫసలీ) ఒక చట్టం వచ్చింది. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో దాన్ని కొట్టేసింది. మరి మన కర్ణాటకలో? 2011లో, అంటే మెట్రో మొదలైన సంవత్సరంలో, కర్ణాటక పోలీసు చట్టంలో 36ఏ అనే సెక్షన్ చేర్చారు. అనుమానం ఉన్న హిజ్రాల పేర్లు, చిరునామాలతో పోలీసు కమిషనరు రిజిస్టర్ పెట్టవచ్చని. నూట నలభై ఏళ్ళ నాటి ఆలోచన ఐటీ నగరంలో మళ్ళీ అచ్చయ్యింది. ఇక్కడి లైంగిక మైనారిటీల సంస్థ హైకోర్టుకి వెళ్ళాక, 2016లో ప్రభుత్వం ఆ పదం తీసేసి "వ్యక్తి" అని మార్చింది.

ఇంకొక సంగతి. ఆంధ్ర, తెలంగాణలో షెడ్యూల్డు తెగగా ఉన్న ఎరుకల వాళ్ళ బంధువులే కర్ణాటకలో కొరమ, కొరచ పేర్లతో షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. సరిహద్దు దాటితే పేరూ మారుతుంది, పట్టికా మారుతుంది. కాబట్టి పని కోసం అనంతపురం నుంచో చిత్తూరు నుంచో బెంగళూరు వచ్చిన కుటుంబానికి సొంత రాష్ట్రం సర్టిఫికెట్ ఇక్కడ రిజర్వేషన్‌కి పనికిరాదు. ఒకప్పుడు కాగితంలో పేరున్నందుకు బాధపడ్డ జనం, ఇప్పుడు సరైన కాగితంలో పేరు లేనందుకు తిరుగుతున్నారు.

దీన్నిబట్టి రిజిస్టర్లన్నీ చెడ్డవని మేము అనడం లేదు. జనాభా లెక్కలు లేకపోతే ధాతు కరువులో ఎంతమంది పోయారో మనకి తెలిసేదే కాదు. రేషన్ కార్డు, పింఛను, ఓటరు జాబితా అన్నీ రిజిస్టర్లే. ఆధార్ పుట్టుపూర్వోత్తరాల్లో మన బెంగళూరు పాత్ర పెద్దది. దాన్ని కోర్టులో ప్రశ్నించినవారూ బెంగళూరువారే. కర్ణాటక హైకోర్టు రిటైర్డు జడ్జి పుట్టస్వామి గారు ఎనభై ఏళ్ళు దాటాక 2012లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నారు. 2018లో ఆధార్‌ను కొన్ని షరతులతో నిలబెట్టారు. రిజిస్టర్ ఉండొచ్చు, దానికి హద్దూ ఉండాలి, హద్దు దాటితే అడగడానికి ఒక కోర్టూ ఉండాలి. 1911లో ఎరుకల మనిషికి లేనిది ఆ చివరిదే.

ఇప్పుడు మన గేటు దగ్గరికి వద్దాం. మనలో చాలామంది అపార్టుమెంట్ కమిటీల్లో ఉన్నారు. పనివాళ్ళ ఫొటో, ఆధార్ కాపీ, ఊరు, రావడం పోవడం అన్నీ గేటు యాప్‌లో ఎక్కుతున్నాయి. భద్రత కావాలి, కాదనం. ఇంట్లో ముసలివాళ్ళు ఒంటరిగా ఉంటే భయం సహజం. కానీ పోయిన గొలుసు మంచం కింద దొరికినా, పనామె పేరు పక్కన పడ్డ ఎర్ర గుర్తు ఎవరు తీస్తున్నారు? ఒక ఫ్లాటులో "వద్దు" అని రాస్తే రెండు వందల ఫ్లాటుల్లో పని పోతుంది. తన మాట చెప్పుకోవడానికి ఆమెకి కమిటీ ముందు ఒక కుర్చీ కూడా ఉండదు. రాసేదీ మనమే, తీర్పు చెప్పేదీ మనమే. పైన చెప్పిన జిల్లా మేజిస్ట్రేటు పద్ధతి ఇదే కదా.

అందుకని కమిటీల్లో ఉన్న సభ్యులకి మా విన్నపం. పనివాళ్ళ రిజిస్టర్‌లో కులం, సొంత ఊరు ఆధారంగా ఏ గుర్తూ పెట్టకండి. ఎవరి మీదైనా ఫిర్యాదు రాస్తే, రాసినవారి పేరు, తేదీ కూడా రాయండి, ఆ మనిషిని పిలిచి ఏమంటుందో విని అదీ రాయండి. పని మానేసినవాళ్ళ ఆధార్ కాపీలు ఏళ్ళ తరబడి సెక్యూరిటీ క్యాబిన్ సొరుగులో ఉంచకండి, చించేయండి. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఇవి చర్చకి పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాం.

గుర్రం జాషువా గారి కుమార్తె హేమలతా లవణం గారు, వారి భర్త లవణం గారు 1970లలో స్టువర్టుపురం వెళ్ళి, ఆ ఊరివాళ్ళతో కలిసి తిరిగి, పిల్లల చదువుకి, పెద్దల బతుకుతెరువుకి ఏళ్ళ తరబడి పనిచేశారు. పుట్టుకను బట్టి మనిషిని కొలవడం ఎంత బాధో ఆమె పుట్టిన ఇంటికి బాగా తెలుసు. ఆ ఊరి నుంచి వచ్చిన టీచర్లు, ఉద్యోగస్థులు ఇవాళ చాలామంది ఉన్నారు. ఉద్యోగానికి వెళ్ళిన చోట ఊరి పేరు చెప్పాలంటే "బాపట్ల దగ్గర" అని ఆగిపోతారు.

గ్రూపులో ప్రశ్న అడిగిన సభ్యులకి మా జవాబు ఇది: ఆమెని పనికి పెట్టుకోండి. ఆమె ఊరి పేరు మన ప్రభుత్వాలు పెట్టింది కూడా కాదు, ఒక దొర పెట్టింది. వచ్చే ఆగస్టు 31న విముక్త దినం. ఆ రోజుకి ఈ చరిత్ర తెలిసిన పెద్దలు, ముఖ్యంగా ఆ కుటుంబాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డవారు ఎవరైనా మాట్లాడడానికి ముందుకొస్తే, హాలు ఏర్పాటు సంఘం చూసుకుంటుంది. కింద రాయండి, లేదా కార్యదర్శి గారికి విడిగా చెప్పండి. పేరు బయటపెట్టమంటేనే పెడతాం.